సిరోంచ నుంచి ఉత్తరం: ఆకు, కాన్పు, ఆలస్యం

సిరోంచ

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ఇంట్లో అందరమూ క్షేమం. నువ్వు రాసిన పేజీలలో సగం ఆకుల మీద పడే వెలుతురు గురించీ, మిగతా సగం నా వృత్తిని ఆటపట్టించడానికీ సరిపోయాయి. కాన్పు తరువాత రక్తం పోతుంటే ఆపడానికి ఇంజెక్షన్ ఎప్పుడో వచ్చింది కదా, ఇంకా మీరు పరిశోధించేది ఏమున్నదని అడిగావు. బైపీసీ రోజుల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడివి కనుక కోపం రాలేదు గాని, జవాబు పొడుగ్గానే రాయాలనిపించింది. పైగా నీ ప్రయోగశాలలోనూ మా కాన్పుల గదిలోనూ గత పదేళ్ళుగా తేలుతున్న సంగతి ఒక్కటేనని నా అభిప్రాయం. రెండుచోట్లా నష్టంలో పెద్దభాగం ఆలస్యం దగ్గరే జరుగుతున్నది.

ముందు నీ విషయం నాకు సరిగ్గా అర్థమయిందో లేదో చూడు. మంచి ఎండలో ఆకు తాను వాడుకోగలిగినదానికంటే ఎక్కువ కాంతిని పట్టుకుంటుంది. ఆ మిగులును అలాగే ఉంచుకుంటే కిరణజన్య సంయోగక్రియ జరిపే అమరికే దెబ్బతింటుంది కనుక, దానిని వేడిగా మార్చి బయటికి వదిలేస్తుంది. వయోలాజాంథిన్ అనే పసుపు వర్ణకం జియాజాంథిన్‌గా మారడం, పీఎస్‌బీఎస్ అనే ప్రొటీను పని మొదలుపెట్టడం ఈ రక్షణలో భాగాలు. అయితే ఒక మబ్బు అడ్డం వచ్చినా, పై కొమ్మ నీడ పడినా వెలుతురు క్షణంలో పడిపోతుంది. రక్షణ మాత్రం సద్దుమణగడానికి నిమిషాలకు నిమిషాలు తీసుకుంటుంది. ఆ కాసేపూ ఆకు తనకు కావలసిన కాంతిని కూడా పారబోసుకుంటూనే ఉంటుంది. 2016లో పొగాకు మొక్కలలో ఈ సర్దుబాటును వేగవంతం చేసే మూడు జన్యువులను పెంచి చూస్తే మొక్క బరువు దాదాపు 15 శాతం పెరిగిందన్న వార్త అప్పట్లో నేనూ చదివాను. 2022లో సోయాబీన్ మీద అదే పని చేసినప్పుడు కొన్ని రకాలలో దిగుబడి 33 శాతం దాకా పెరిగిందని నువ్వు ఉత్సాహంగా రాశావు. ఆకు బలాన్ని పెంచకుండా, దాని తేరుకునే వేగాన్ని మాత్రమే మార్చారన్నదే ఇందులో నాకు నచ్చిన సంగతి.

ఇక నా సంగతి చెబుతాను. నెలలు నిండిన గర్భిణికి గర్భసంచి గుండా నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం ప్రవహిస్తుంది. బిడ్డ పుట్టి, మాయ విడివడగానే అక్కడి రక్తనాళాల నోళ్ళు తెరుచుకొని ఉంటాయి. వాటిని మూయడానికి ముందుగా పనికొచ్చేది రక్తం గడ్డకట్టడం కాదు, గర్భసంచి కండరమే. ఆ కండరపు పోగులు రక్తనాళాల చుట్టూ అడ్డదిడ్డంగా అల్లుకొని ఉంటాయి కనుక, అది ముడుచుకున్నప్పుడు మూట మూతికి తాడు బిగించినట్లు నాళాలన్నీ మూసుకుపోతాయి. ముడుచుకోవడం ఆలస్యమైతే ఏం జరుగుతుందో ఆ అర లీటరు లెక్కను బట్టి నువ్వే ఊహించుకోవచ్చు. ప్రపంచంలో ఏటా దాదాపు 45,000 మంది తల్లులు ఇలా రక్తం పోయి చనిపోతున్నారు. గర్భసంచిని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్‌ను కృత్రిమంగా తయారుచేసి 70 ఏళ్ళు దాటింది. 1955లో దానికి విన్సెంట్ డ్యూ విగ్నోకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. మందు ఉన్నదన్న నీ మాట నిజమే. అది ఉండి కూడా ఇంతమంది ఎందుకు పోతున్నారన్నదే మా పరిశోధన.

అందులో మొదటి జవాబు వింటే నీకు నవ్వు వస్తుందేమో: ఎంత రక్తం పోయిందో మాకు కంటితో చూస్తే తెలియదు. రక్తం చీరలోకి, గుడ్డలోకి, నేల మీదికి, ఉమ్మనీటిలోకి కలిసిపోతుంది. నాలుగు చోట్లకు పోయినదానిని ఎంత అనుభవమున్న కన్నైనా తక్కువగానే అంచనా వేస్తుంది. కర్ణాటకలోని బెళగావి జిల్లాలో చేసిన ఒక అధ్యయనంలో, తల్లి నడుము కింద పరిచే ప్లాస్టిక్ గుడ్డకు గరాటు ఆకారంలో సంచి కుట్టి, దాని మీద కొలత గీతలు వేసి చూశారు. అందులో పడినదానితో పోలిస్తే కంటి అంచనా 33 శాతం తక్కువగా తేలింది. ఇది 2006 నాటి మాట. అదే ఏడాది, అదే జిల్లా నుంచి ఇంకొక మంచి ఫలితం కూడా వెలువడింది. పల్లె కాన్పులలో ఏఎన్‌ఎంల చేత, గర్భసంచిని ముడుచుకునేలా చేసే మిసోప్రోస్టాల్ మాత్ర ఇప్పించి చూస్తే, ఎక్కువ రక్తం పోయినవారి శాతం 12 నుంచి 6.4కు తగ్గింది. డాక్టరు లేని చోట, ఫ్రిజ్ లేని చోట, సూది అక్కర్లేని మందు అది. ప్రయోగశాలలో ఏ మందు గొప్పదని కాకుండా, ఊళ్ళో ఏ మందు చేతికి అందుతుందని అడిగిన పరిశోధన కనుక నాకు దాని మీద గౌరవం ఎక్కువ.

గీతలున్న ఆ సంచి పదిహేడేళ్ళ తరువాత పెద్ద పరీక్షకు నిలిచింది. ఈ-మోటివ్ అనే పేరుతో కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాలలోని 80 ఆసుపత్రులలో, రెండు లక్షలకు పైగా కాన్పుల మీద జరిగిన ఈ ప్రయోగం 2023లో వెలువడింది. అందులో కొత్త మందు ఒక్కటి కూడా లేదు. రక్తాన్ని సంచితో కొలవాలి. 500 మిల్లీలీటర్లు దాటగానే, లేదా 300 దాటి నాడి, రక్తపోటు తేడాగా కనిపించగానే, గర్భసంచిని పైనుంచి మర్దించడం, కండరం ముడుచుకునే మందు, గడ్డకట్టిన రక్తం కరిగిపోకుండా ఆపే ట్రానెక్సామిక్ ఆమ్లం, సెలైన్, చిరుగులకోసం పరీక్ష ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టాలి. మేము చదువుకున్న రోజుల్లో వీటిని వరుసగా, ఒకదానికి లొంగకపోతే ఇంకొకటిగా చేయాలని నేర్పేవారు. ఆ వరుస క్రమంలోనే ప్రాణాలు జారిపోతున్నాయని ఈ ప్రయోగం చూశాక నాకనిపించింది. మామూలు పద్ధతిలో అధిక రక్తస్రావాన్ని గుర్తించింది 51 శాతం మందిలోనే. సంచి వాడిన చోట 93 శాతం మందిలో గుర్తించారు. లీటరుకు పైగా రక్తం పోవడం, కడుపు కోసి ఆపరేషన్ చేయవలసి రావడం, మరణం ఈ మూడింటినీ కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 300 మిల్లీలీటర్ల దగ్గరే, ఇతర లక్షణాలు తోడైతే, చికిత్స మొదలుపెట్టమని చెప్పింది.

ఈ సంచి మహారాష్ట్ర, తెలంగాణ సరిహద్దులోని మా సిరోంచ వంటి చోట ఇంకొక విధంగా కూడా పనికివస్తుందని నా అనుభవం. ఇక్కడ తల్లులు మాట్లాడేది తెలుగు, లేదా మాడియా గోండుల భాష. సిస్టర్లలో చాలామంది విదర్భలోని ఇతర జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చినవారు, మరాఠీ తప్ప రానివారు. తోడు వచ్చిన అత్త "రక్తం బాగా పోతున్నది" అంటే, ఆ "బాగా" ఎంతో ఏ భాషలోకీ చేరదు. గీత దగ్గర ఆ చిక్కు లేదు. రక్తం గీత దాటిందా, లేదా, అంతే.

ట్రానెక్సామిక్ ఆమ్లం పేరెత్తాను కనుక దాని వెనుక ఉన్న మనిషి గురించి చెప్పకుండా ఉండలేను. జపాన్‌లో ఉతాకో ఒకామోతో, ఆమె భర్త షోసుకే కలిసి 1962లో ఆ మందు గురించి ప్రకటించారు. యుద్ధానంతరపు పేదరికంలో, ప్రసవంలో రక్తం పోయి చనిపోతున్న తల్లులను కాపాడాలన్నదే ఆమె ఉద్దేశం. పసిబిడ్డను వీపున కట్టుకొని ప్రయోగశాలకు వెళ్ళేదట. అయితే తల్లుల మీద పరీక్షించి చూడమని ఆమె అడిగితే, అక్కడి ప్రసూతి వైద్యులు ముందుకు రాలేదు. మందు దంత వైద్యానికి, ఇతర ఆపరేషన్లకు పోయింది గాని, పుట్టిన కారణానికి మాత్రం దశాబ్దాల పాటు రాలేదు. చివరికి 21 దేశాలలో 20,060 మంది తల్లుల మీద చేసిన ఉమన్ ప్రయోగం 2017లో వెలువడింది. మందు ఇచ్చినవారిలో రక్తస్రావంతో మరణించినవారు 1.5 శాతం, ఇవ్వనివారిలో 1.9 శాతం, మూడు గంటల లోపు ఇచ్చినవారినే తీసుకుంటే 1.2, 1.7. ఒకామోతో 2016లో, 98 ఏళ్ళ వయసులో చనిపోయారు. ఆ ఫలితం ఆమె చూడలేదు. మా వృత్తి మీద నువ్వు వేసిన ఛలోక్తులన్నింటికంటే ఇది నన్ను ఎక్కువ బాధిస్తుంది.

ఆ మందు విషయంలోనే ఆలస్యానికి ఖచ్చితమైన ధర కూడా కట్టారు. గాయాలపాలైనవారివి, బాలింతలవి కలిపి 40,000 మందికి పైగా లెక్కలు చూసి, రక్తస్రావం మొదలయ్యాక ప్రతి 15 నిమిషాల ఆలస్యానికీ ప్రయోజనం సుమారు 10 శాతం తగ్గుతుందనీ, మూడు గంటల తరువాత ఏమీ మిగలదనీ 2018లో చెప్పారు. ఇక్కడి నుంచి జిల్లా కేంద్రమైన గడ్చిరోలికి ఆలపల్లి అడవి మీదుగా దాదాపు 200 కిలోమీటర్లు. నిమిషాల లెక్కలో ఆ దారిని పెట్టి చూడు. గోదావరి మీద వంతెన వచ్చాక కాళేశ్వరం దాటి తెలంగాణ వైపు పోవడం తేలికైంది గాని, లోపలి ఊళ్ళకు వానాకాలం వాగులే హద్దులు. అందుకే నెలలు నిండిన ఆడవారిని ముందుగానే ఆరోగ్య కేంద్రం దగ్గరకు తెచ్చి ఉంచే మాహేర్‌ఘర్ గదుల మీద నాకు నమ్మకం ఉన్నది. ఆ గదిలో వారం రోజులు కూర్చోబెట్టడం ఏ ఖరీదైన యంత్రం కంటే తక్కువ వైద్యం కాదు. కూలి పోతుందని, పశువులను చూసేవారు ఉండరని కొందరు రారు. వారిని తప్పుపట్టడం నాకు చేతకాదు.

ఎండల సంగతి నీకు చెప్పనక్కర్లేదు. ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో బయట 45 దాటుతుంది, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. వేడికి మందు సత్తువ తగ్గినా సీసాలోని ద్రవం రంగు మారదు, కాబట్టి ఇచ్చినవారికి తెలియదు. వేడిని తట్టుకునే కార్బెటోసిన్‌ను భారతదేశంతో సహా పది దేశాలలో 29,645 మంది తల్లుల మీద ఆక్సిటోసిన్‌తో పోల్చి, అధిక రక్తస్రావాన్ని నివారించడంలో దానికి తీసిపోదని 2018లో తేల్చారు. ఇటువంటి ప్రయోగాన్ని చూసి, కొత్తది పాతదానితో సమానమేగా, ఇందులో గొప్పేమిటి అని నువ్వు అనవచ్చు. ఫ్రిజ్ అక్కర్లేకుండా సమానం కావడమే ఇక్కడ గొప్ప.

మా జిల్లా పేరు వినగానే నక్సలైట్లు తప్ప మరేదీ గుర్తురాని వారికి నేను ఎప్పుడూ చెప్పే సంగతి ఒకటి ఉన్నది. స్త్రీల ఆరోగ్యం గురించి ప్రపంచం ఆలోచించే తీరును మార్చిన అధ్యయనం ఈ జిల్లాలోనే జరిగింది. రాణీ బంగ్ బృందం గడ్చిరోలిలోని రెండు ఊళ్ళలో 650 మంది స్త్రీలను పరీక్షించి, 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీవ్యాధి ఉన్నదనీ, అంతకుముందు ఎన్నడైనా పరీక్ష చేయించుకున్నవారు 8 శాతమేననీ 1989లో ప్రకటించారు. కడుపుతో ఉన్నప్పుడు తప్ప ఆడదాని ఒంటితో పనిలేదన్నట్లు నడుస్తున్న ఆరోగ్య కార్యక్రమాలకు అది చెంపపెట్టు. 2018-20 లెక్కల ప్రకారం మహారాష్ట్రలో లక్ష సజీవ జననాలకు మాతృమరణాలు 33. ముంబయిని, మా జిల్లాలోని మారుమూల భామరాగఢ్‌ను కలిపి తీసిన సగటు అది.

ఫలించని ప్రయోగాల గురించి నువ్వు దాటవేశావు, అది నాకు నచ్చలేదు. మూడు జన్యువుల చిట్కాను మీ ప్రయోగశాలల్లో వాడే చిన్న మొక్క అరబిడాప్సిస్ మీద చేసి చూస్తే మొక్క పెరుగుదల మెరుగుపడలేదు కదా. సోయాబీన్ కూడా రెండో ఏడాది గాలివానకు పడిపోయి దిగుబడిలో తేడా చూపలేదు. మా వైపు కూడా అంతే. రక్తహీనత ఉన్నవారికి రక్తస్రావం మొదలుకాకముందే ట్రానెక్సామిక్ ఆమ్లం ఇస్తే మేలు జరుగుతుందనుకొని 15,000 మందికి పైగా తల్లుల మీద పరీక్షిస్తే, 2023లో లాభం లేదని తేలింది. రక్తహీనత ఇక్కడ ఇంటింటి సమస్య కనుక నేను ఆ ఫలితం మీద చాలా ఆశ పెట్టుకున్నాను. లేదని తేలడం వల్ల, ఇనుము మాత్రలు, తిండి మీద పెట్టవలసిన శ్రద్ధను ఒక సూదితో తప్పించుకోలేమని మాత్రం తెలిసింది. ఇక ఆ మందునే నరానికి బదులు కండకు వేస్తే పనిచేస్తుందా అని ఇంకొక ప్రయోగం చేపట్టారు. నరం దొరకబుచ్చుకోవడం రానివారు కూడా వేయగలిగితే ఏఎన్‌ఎం చేతిలోకి మందు వస్తుంది, గడియారం మొదలైన చోటే చికిత్స మొదలవుతుంది.

నీడ పడ్డాక ఆకు ఎంతసేపటికి తేరుకుంటున్నదో కొలిచే పరికరాన్ని పొలానికి మోసుకుపోవచ్చునని రాశావు కదా, ఈసారి వచ్చేటప్పుడు దానిని తీసుకురా. టేకు ఆకు కింద పెరిగే మొక్కల మీద వెలుతురు చుక్కలు ఎలా కదులుతాయో ఆలపల్లి దారిలో చూపిస్తాను. వాగులు పొంగకముందే రా. కాళేశ్వరం చేరాక ఫోన్ చేస్తే బండి పంపిస్తాను.

నీ స్నేహితుడు