జెండా ఊపేముందు రాత్రుల లెక్క చూడండి

సంపాదకుడు గారికి,

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల పిల్లలు ఆఫ్రికాలోని కిలిమంజారో పర్వతం ఎక్కుతామంటే చందాలు పోగుచేసి, ఫ్లెక్సీలు కట్టి, అధికారులతో జెండా ఊపించి సాగనంపుతున్నాం. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కాక గురుకులాల పిల్లలకు వచ్చిన ధైర్యమిది. నిలబెట్టుకోవాల్సిన ధైర్యమే. కానీ వాళ్ళిద్దరి వెనక భువనగిరి బండ మీద మొదలై డార్జిలింగ్, లద్దాఖ్ దాకా సాగిన నెలల శిక్షణ ఉంది. ఇప్పుడు కొందరి చేతుల్లో ఏజెన్సీ బ్రోచరు, విమానం టికెట్టు తప్ప ఏమీ ఉండటం లేదు.

కిలిమంజారో మామూలు దారుల్లో తాడు పని ఉండదు, నడకే. అందుకే సులువనుకుంటారు. ఎత్తు 5,895 మీటర్లు. సముద్రమట్టంలో ఒక్క ఊపిరికి అందే ఆక్సిజన్‌లో అక్కడ అందేది సుమారు సగం. మన ఊళ్ళేమో 500 మీటర్లకు అటూ ఇటూ. భువనగిరి బండ, దేవరకొండ, కోయిలకొండ గుట్టలు కాళ్ళకు, చేతులకు, గుండెకు పనికొస్తాయి గానీ పల్చటి గాలికి ఒంటిని అలవాటు చెయ్యలేవు. ఆ అలవాటు పైన గడిపిన రాత్రులతోనే వస్తుంది.

3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో మరో రాత్రి ఆగాలని వైద్యులు చెబుతారు. కిలిమంజారో ఎక్కే ఐదు రోజుల మరంగు దారి చూడండి. మొదటి రాత్రి మందారాలో సుమారు 2,700 మీటర్లు, రెండో రాత్రి హొరోంబోలో 3,700, మూడో రోజుకి కిబోలో 4,700. అక్కడ సరిగా నిద్రైనా పట్టకముందే అర్ధరాత్రి లేపి శిఖరానికి నడిపిస్తారు. రోజుకు వెయ్యి మీటర్లన్నమాట! హొరోంబోలో ఇంకో రాత్రి ఆగి, పగలు పైకి నడిచి దిగొచ్చి పడుకుంటే కొంత నయం. ఎనిమిది రోజుల లెమోషో దారి ఇంకా మేలు. పెరిగే ప్రతి రోజుకూ పార్కు రుసుము, గైడు కూలి పెరుగుతాయి కనుక చవక ప్యాకేజీలో ముందు కోసేది ఆ రోజులనే. పైగా ఆగస్టు 15నే జెండా ఎగరెయ్యాలని పట్టుబడితే ఉన్న ఒక్క విశ్రాంతి రాత్రీ పోతుంది.

తలనొప్పి, వికారం, అన్నం సయించకపోవడం మొదటి గుర్తులు. అవి తగ్గేదాకా పైకి వెళ్ళకూడదు, ముదిరితే దిగాలి. చందాలిచ్చిన ఊరికి ముఖం ఎలా చూపించాలని పిల్లలు ఈ దశలోనే దాచిపెడతారు, ఒక మాత్ర మింగి నడిచేస్తారు. అనుమానం వస్తే నేల మీద గీత గీసి, మడమకు బొటనవేలు ఆనించి నడిపించాలి. తూలితే మెదడు వాచినట్టే లెక్క. కూర్చున్నా ఆయాసం, దగ్గు, గులాబి రంగు నురగ కనబడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఈ రెంటిలో ఏదైనా తెల్లారేదాకా చూద్దామనుకుంటే ప్రాణం పోతుంది. ఆక్సిజన్ ఉంటే పెట్టి, ఆ రాత్రే కిందికి దించాలి. ఎత్తుకు ఒళ్ళు అలవాటుపడటానికి తోడ్పడే అసిటజోలమైడ్ మాత్రలు డాక్టరు చెబితే ముందుజాగ్రత్తగా వాడొచ్చు, విశ్రాంతి రాత్రికి అవి బదులు కావు.

బయల్దేరేముందు హిమోగ్లోబిన్, సికిల్ సెల్ పరీక్షలు తప్పక చేయించాలి. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే ఈ వంశపారంపర్య జబ్బు, సికిల్ సెల్, ఆదివాసీ పిల్లల్లో ఎక్కువ. జబ్బు లేకుండా దాని జన్యువును మాత్రం మోస్తున్న వాళ్ళకు కూడా ఎత్తు మీద ప్లీహం దెబ్బతినే ప్రమాదముంది. ఇక బీమా. మామూలు ప్రయాణ బీమాలు చాలావరకు ఇంత ఎత్తును కలపవు. 6,000 మీటర్ల వరకు, హెలికాప్టర్ ఖర్చుతో సహా అని పాలసీలో రాసి ఉందో లేదో చదవాలి.

కలెక్టర్లకు, గురుకులాల అధికారులకు, దాతలకు నా విన్నపం ఇదే. డబ్బు విడుదల చేసేముందు ఏ రాత్రి ఏ ఎత్తులో పడుకుంటారో రాసిన కాగితం, రక్తపరీక్షల రిపోర్టు, బీమా పత్రం అడగండి. రష్యాలోని ఎల్బ్రస్ లాంటి మంచు శిఖరమైతే ఉత్తరకాశీ, డార్జిలింగ్, మనాలి సంస్థల్లో ఏదో ఒకచోట నాలుగు వారాల బేసిక్ కోర్సు పూర్తిచేసిన సర్టిఫికెట్ కూడా చూడండి. శిఖరం చేరకుండా వెనక్కొచ్చినా ఇచ్చిన సాయం తిరిగి అడగబోమని, సన్మానంలో తేడా ఉండదని జెండా ఊపే రోజే ఆ పిల్లల ముందు, వాళ్ళ తల్లిదండ్రుల ముందు చెప్పండి.

— ఒక పర్వతారోహణ శిక్షకుడు, దేవరకొండ