పంటను బట్టి కందిరీగ

సంపాదకులకు నమస్కారం.

పప్పుధాన్యాల పంటల్లో పురుగుమందులు తగ్గించాలన్న మాట వచ్చినప్పుడల్లా వ్యవసాయ శాఖలు ట్రైకోకార్డుల (ట్రైకోగ్రామా అనే కందిరీగ లోపల పెరుగుతున్న గుడ్లు అంటించిన అట్టముక్కల) పంపిణీని ముందుకు తెస్తాయి. పురుగును చంపడానికి పరాన్నజీవి కందిరీగలను నమ్ముకోవడం మంచి దారే. కానీ కందికీ, శనగకూ, సోయాకూ ఒకే కార్డు చేతిలో పెట్టి పంపితే చెడ్డపేరు వచ్చేది ఆ పద్ధతికే.

ట్రైకోగ్రామా అర మిల్లీమీటరు పొడవుండే కందిరీగ. మనుషుల్ని కుట్టదు. పురుగు గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు నల్లబడి, అందులోంచి పురుగుకు బదులు కందిరీగే బయటికొస్తుంది. చెరకు తోటల్లో దీని పనితనం చాలామంది చూసిందే. శనగలో మాత్రం ఇది నిలవలేదు. శనగ ఆకుల మీది నూగు నుంచి మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాల పులుసు ఊరుతుంది, అంత చిన్న ప్రాణి దాన్ని తట్టుకోలేదు. కందిలో పూత మీద, కాయల మీద ఉండే జిగురు నూగు దాని నడకకు అడ్డం. శనగపచ్చ పురుగు గుడ్లు పెట్టేదేమో ఎక్కువగా అక్కడే! అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు దశాబ్దాల క్రితమే ఈ సంగతి పరిశీలించి చెప్పారు. అయినా కార్డే ఇస్తే, పురుగు తగ్గక రైతు మళ్లీ మందు డబ్బా అందుకుంటాడు. అతన్ని ఎలా తప్పుపడతాం?

శనగకు పనికొచ్చే కందిరీగ లేకపోలేదు. కాంపొలిటిస్ క్లోరిడియే అనే జాతి గుడ్ల జోలికి పోకుండా, అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పచ్చపురుగు లార్వాలను (పిల్ల పురుగులను) వెతికి వాటిలో గుడ్డు పెడుతుంది. ఆ లార్వా మేత తగ్గిపోయి, కాయలు తొలిచే వయసు రాకముందే చస్తుంది. మందు కొట్టని శనగ చేలల్లో ఇది దానంతటదే కనిపిస్తుంది. మరి దీన్ని ఎందుకు పంచరు? పెంచడం కష్టం కాబట్టి. ట్రైకోగ్రామాను బియ్యపు చిలక పురుగు గుడ్ల మీద చవకగా, లక్షల్లో పెంచవచ్చు. కాంపొలిటిస్‌కు బతికున్న పచ్చపురుగు లార్వాలే కావాలి. అవి ఒకదాన్నొకటి తినేస్తాయి గనుక విడివిడిగా పెంచాలి. దానికి మనుషులు, చోటు, ఓపిక కావాలి. ఏది తేలికగా తయారవుతుందో అదే పంచి, అది ఆ పంటకు సరిపోతుందని చెప్పడం నిజాయితీ కాదు.

ఇక్కడే ప్రజాధనం అవసరం. పొలాల్లో స్థిరపడి తనంతట తానే పెరిగే కందిరీగను ఏ కంపెనీ ఏటేటా అమ్ముకోలేదు, అందుకే ఏ కంపెనీ దాని మీద పెట్టుబడి పెట్టదు. హవాయి దీవుల్లో 1968లో చిక్కుడు కాండపు ఈగ కనిపించింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం తూర్పు ఆఫ్రికా నుంచి రెండు ఓపియస్ జాతుల కందిరీగలను తెప్పించి వదిలింది. అవి స్థిరపడి ఈగను అదుపు చేశాయి. అమెరికాలో సోయాను, చిక్కుడును తినే మెక్సికన్ బీన్ బీటిల్ అనే పెంకు పురుగు మీదికి 1966లో భారతదేశం నుంచి పెడియోబియస్ కందిరీగను తీసుకెళ్లారు. అది అక్కడి చలికాలం దాటి బతకదు. కాబట్టి న్యూజెర్సీ వ్యవసాయ శాఖ దాన్ని సొంత ప్రయోగశాలలో పెంచి పొలాలకు అందిస్తూ వచ్చింది. ఒకచోట ఒక్కసారి ఖర్చు, ఇంకోచోట ఏటా ఖర్చు. ఏది ఎక్కడ అవసరమో తేల్చడానికి శాస్త్రవేత్తలుండాలి, వాళ్లకు జీతాలుండాలి.

పశ్చిమ ఆఫ్రికాలో అలసంద మీది మారుకా మచ్చల పురుగు కోసం జరుగుతున్న పని నాకు అన్నిటికంటే ఆశ కలిగిస్తోంది. ఆసియా నుంచి థెరోఫిలస్ జావనస్, ఫానెరోటోమా సైలెప్టే అనే కందిరీగలను తెచ్చి, బెనిన్ దేశంలోని ఐఐటీఏ (అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ) కేంద్రంలో పరీక్షించి వదిలారు. వదిలింది పంట మీద కూడా కాదు, పంట లేని రోజుల్లో మారుకా తలదాచుకునే అడవి చిక్కుడు జాతి మొక్కల మీద. పంట వేసేసరికి కందిరీగ ముందే అక్కడుండాలన్నది వాళ్ల ఆలోచన. కొత్త ప్రాంతానికి ఏ కందిరీగను తెచ్చినా, మేలు చేసే ఇతర కీటకాల జోలికి పోదని బయటికి వదలకుండా మూసి ఉంచి చేసే క్వారంటైన్ పరీక్షల్లో తేలాకే వదలాలి. ఆ విషయంలో తొందర పనికిరాదు.

వ్యవసాయ శాఖలను నేను కోరేది పెద్దదేం కాదు. ఏ పప్పు పంటలో ఏ పురుగుకు ఏ కందిరీగ పనిచేస్తుందో, ఏది పనిచేయదో రాసి రైతులకు ఇవ్వండి. కార్డు మీద తయారీ తేదీ, కందిరీగలు బయటికొచ్చే తేదీ ముద్రించండి, ఎండలో పడి ఉన్న కార్డులో చచ్చిన గుడ్లే ఉంటాయి. కందిరీగలను వదలమన్న వారంలోనే కందిరీగలనూ చంపే సింథటిక్ పైరెత్రాయిడ్ రకం పురుగుమందు కొట్టమని అదే కార్యాలయం సలహా ఇవ్వడం వెంటనే ఆపండి. తప్పనిసరైతే పచ్చపురుగుకు ఎన్‌పీవీ (పురుగుకు రోగం తెచ్చి చంపే వైరస్) ద్రావణం ఉంది, అది కందిరీగలను నేరుగా చంపదు. గట్ల మీద ధనియాల వంటి పూల మొక్కలు వేయమని చెప్పండి, తల్లి కందిరీగలకు తేనె దొరికితే ఎక్కువ రోజులు బతుకుతాయి. వచ్చే బడ్జెట్‌లో కార్డుల కొనుగోలుకు ఎంత ఇస్తున్నారో, కాంపొలిటిస్ వంటి వాటిని పెంచే ప్రయోగశాలలకు ఎంత ఇస్తున్నారో వేర్వేరు పద్దులుగా చూపించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు