గ్రంథాలయ సెస్సులో ఆదివాసీ పుస్తకానికీ వాటా కావాలి

సంపాదకులకు నమస్కారం.

నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరిగాయి. మా పట్టణంలోనూ పుస్తక ప్రదర్శన పెట్టారు, పిల్లలకు వ్యాసరచన పోటీలు నిర్వహించారు, శాలువాలు కప్పుకున్నారు. ఆ సందడిలో ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. ఏజెన్సీ మండలాలను ఆనుకుని ఉన్న ఊరు మాది. అలాంటి చోట కూడా గ్రంథాలయంలో ఆదివాసుల గురించి చదువుదామంటే పోటీ పరీక్షల గైడ్లలోని రెండు పేజీలే గతి. తెగ పేరు, జిల్లా, పండుగ, దేవత. జతపరచండి ప్రశ్నకు అంతకంటే అక్కర్లేదు మరి.

ఉట్నూరు ప్రాంతంలో తెలుగు పండితుడిగా పనిచేశాను. దీపావళి ముందు గోండుల నాట్య పండుగ దండారీ మొదలైతే హాజరు పట్టీ సగం ఖాళీ. నెమలి ఈకల కిరీటాలతో ఆడే గుస్సాడీలు టీవీ పుణ్యాన ఇప్పుడు అందరికీ తెలుసు. తెలియనిది ప్రధాన్ సంగతి. గోండుల వంశగాథలు తరతరాలుగా పాడుతూ వచ్చిన గాయక తెగ ప్రధాన్లు. కీక్రీ అనే తీగవాద్యం మీద కమాను ఆడిస్తూ ప్రధాన్ గొంతెత్తితే, గుహలో బందీలైన గోండు దేవతలను పహండి కుపార్ లింగాల్ ఎలా విడిపించాడో, కొలిచే దేవతల సంఖ్యను బట్టి గోండులు నాలుగు గుంపులుగా ఎలా ఏర్పడ్డారో, తమ వంశదైవం పెర్సా పేన్‌ను ఏ వంశం ఎందుకు కొలుస్తుందో వరసగా వస్తుంది. తెలుగు వాచకంలో నాలుగు వాక్యాలు చదవడానికి అవస్థపడే పిల్లవాడు తమది నాలుగు దేవతల ఇల్లో, ఐదో, ఆరో, ఏడో తడుముకోకుండా చెప్పేవాడు. ఏ ఇంటివారు ఏ ఇంటితో వియ్యమందాలో కూడా చెప్పేవాడు, ఎందుకంటే పెళ్లిళ్లు ఆ లెక్క మీదే నడుస్తాయి. ఇంత తెలిసిన పిల్లవాడికి మార్కులు వేసే గడి నా దగ్గర ఉండేది కాదు.

ప్రయత్నాలు జరగలేదని అనను. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో సవర ఆదివాసులను ఇంటికి పిలిపించుకుని వారి భాష నేర్చుకున్నారు, తెలుగు లిపిలో సవర పుస్తకాలు రాశారు, వారి పిల్లలకు బడులు పెట్టించారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి వ్యావహారిక భాష గురించి ఉపన్యాసాలిస్తాం. సవర ఊసు రెండు నిమిషాల్లో ముగుస్తుంది. ఇటు నిజాం ఏలుబడిలో, 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను చంపిన తర్వాత, హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్తను అక్కడి పరిస్థితులు తెలుసుకోవడానికి పంపారు. ఆయన మార్లవాయి అనే గోండు గూడెంలో మకాం పెట్టి, 1943లో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టించారు. గోండిలో వాచకాలు వచ్చాయి. కాలక్రమంలో అవి మూలపడ్డాయి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గోండి, కోలామి, కోయ, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో ప్రాథమిక తరగతుల పాఠాలు తయారు చేయించింది. మంచి పని. కానీ వరస చూడండి. ప్రతిసారీ వాచకం దగ్గరే ఆగిపోయాం. అక్షరాలు దిద్దించాం గానీ, అవి వచ్చాక చదువుకోవడానికి పుస్తకం చేతికివ్వలేదు. మూడో తరగతి దాటాక ఆ పిల్లకు తన భాషలో కథల పుస్తకమేదీ?

పెద్దలకూ అంతే. హైమన్‌డార్ఫ్ చెంచుల మీద, కొండరెడ్ల మీద, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద గ్రంథాలు రాశారు. ఇంగ్లీషు రానివారికి వాటితో పనిలేదు. కోయ డోలి వాయిస్తూ సమ్మక్క సారక్క కథ పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో ఆయన పోయారు. సన్మానం చేశాం. ఆయన నోట ఉన్న కథలన్నీ మండల గ్రంథాలయం దాకా రావాలన్న ఆలోచన మాత్రం మనకు రాలేదు. కొందరు పండితులు సొంత శ్రమతో ఇలాంటి గాథలు సేకరించి అచ్చు వేశారు. ఆ ప్రతులు పరిశోధకుల చేతుల్లోనే తిరుగుతున్నాయి.

ఇక పట్నం పిల్లల సంగతి. అల్లూరి సీతారామరాజు పేరు తెలియని తెలుగు పిల్లవాడు ఉండడు. ఆయనతో కలిసి పోరాడిన గాం గంటం దొర, మల్లు దొర పేర్లు ఎంతమందికి తెలుసు? మల్లు దొర శిక్ష అనుభవించి బతికి వచ్చి, 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. పిల్లల పుస్తకానికి ఇంతకంటే ఏం కావాలి? సినిమా వాళ్లైతే దీన్ని కల్పన అనుకుని వదిలేసేవారు.

“గోండి పుస్తకం ఎవరు కొంటారు?” అని అడిగేవారుంటారు. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ చిత్రకారులను చూడండి. వాళ్లూ ప్రధాన్లే. కీక్రీ పాటలోని చెట్లను, జంతువులను, దేవుళ్లను కాగితం మీదికి తెచ్చారు. ఆ ఊరి భజ్జూ శ్యామ్ బొమ్మలతో చెన్నైలో తయారైన పుస్తకాలు విదేశీ భాషల్లోకీ వెళ్లాయి. అట్ట మీద ఆయన పేరే ఉంటుంది. మన ఆదిలాబాద్ ప్రధాన్ల పాట ఆ స్థాయికి తగదా? అచ్చుకు లిపి కూడా సిద్ధంగానే ఉంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన గోండి రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఒక పేజీలో గోండి, ఎదుటి పేజీలో తెలుగు వేస్తే మార్లవాయి పిల్లా, మంచిర్యాల పిల్లా ఒకే పుస్తకం చదువుతారు.

డబ్బు లేదనే మాట చెల్లదు. ఆస్తి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మన దగ్గర వసూలు చేస్తూనే ఉన్నారు. మున్సిపాలిటీలు దాన్ని గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమచేయకపోవడం వేరే కథ, దానికి ఇంకో ఉత్తరం రాయాలి. వచ్చిన దానిలోనైనా, ఏజెన్సీ ప్రాంతాలున్న జిల్లాల గ్రంథాలయ సంస్థలు ఆదివాసీ భాషల, చరిత్రల పుస్తకాలకు కొంత సొమ్ము విడిగా కేటాయించాలి. కొనడానికి పుస్తకం లేకపోతే అచ్చు వేయించాలి. కథ చెప్పినవారి పేరు అట్ట మీద ఉండాలి, పారితోషికం వారి చేతికే అందాలి. “ఒక గిరిజన వృద్ధుడు చెప్పిన కథ” అని లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో వేసే అలవాటు ఇకనైనా మానాలి.

ఒక జాగ్రత్త. కొన్ని పాటలు పూజ వేళ, ఆ వంశం వారి ముందే పాడతారు. వాటిని అచ్చు వేయాలో వద్దో తేల్చాల్సింది కెస్లాపూర్‌లో నాగోబాను కొలిచే మెస్రం వంశ పెద్దల వంటివారే గానీ, హైదరాబాద్‌లో కూర్చున్న కమిటీ కాదు. వారు వద్దంటే వదిలేయాలి.

పుస్తకాల కొనుగోలు జాబితా మార్చిలోగా ఖరారు కావాలి. ఈసారి ఎంపిక సంఘంలో ఒక ప్రధాన్ గాయకుడికి, ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తున్న ఒక ఆదివాసీ ఉపాధ్యాయురాలికి చోటిస్తూ జిల్లా గ్రంథాలయ సంస్థ ఉత్తర్వు ఇస్తే చాలు. దానికి కొత్త చట్టమేమీ అవసరం లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు
మంచిర్యాల జిల్లా