కుక్కపిల్లకు దెబ్బలతో శుభ్రత రాదు

సంపాదకులకు,

అపార్ట్‌మెంట్లలో పొమెరేనియన్, షిత్జు వంటి చిన్న జాతి కుక్కలను పెంచేవారు చాలామందే ఉన్నారు గానీ, ఇంట్లో మూత్రం పోస్తే దాని ముక్కును ఆ తడికి అదిమి కొట్టే పాత పద్ధతి ఇంకా పోలేదు. ఎప్పుడో పోసినదానికి ఇప్పుడు పడే దెబ్బ ఎందుకో కుక్కపిల్లకు తెలియదు. మనిషిని చూసి బెదిరి, సోఫా వెనకో మంచం కిందో చాటుగా పని కానిచ్చుకోవడం మాత్రం నేర్చుకుంటుంది. రెండు నెలల పిల్ల సాధారణంగా పగటిపూట రెండు గంటలకు మించి ఆపుకోలేదు కనుక, నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆట ముగిశాక ఒకే చోటికి తీసుకెళ్లి, పని పూర్తయిన క్షణంలోనే మెచ్చుకుని చిన్న బిస్కెట్ ముక్క పెట్టాలి. పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీయగల వైరస్ జబ్బు) టీకాల వరుస పూర్తయ్యేదాకా వీధిలోకి దించడం ప్రమాదం కాబట్టి, అంతవరకు బాల్కనీలో పాత పేపర్లు (మీ పత్రికైనా సరే, మన్నించాలి) పరవడం మేలు. తడిసిన చోటును అమ్మోనియా కలిసిన ద్రవంతో తుడిస్తే, మూత్రాన్ని పోలిన ఆ వాసనకు అది మళ్లీ అక్కడికే రావచ్చు. మూత్రపు వాసనను మూలం నుంచి పోగొట్టే ఎంజైమ్ క్లీనర్ నయం. మొదటి టీకా వేసే రోజునే ఈ సంగతులను యజమానులకు వివరించే ఏర్పాటు పశువైద్యశాలల్లో ఉండాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, హైదరాబాద్