పొరక కర్ర పొడవు పెంచండి

సంపాదకులకు,

బెంగళూరు రోడ్లు ఊడ్చే పౌరకార్మికుల్లో రాయలసీమ, కోలారు వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల నడుం నొప్పి మాట వచ్చినప్పుడల్లా వైద్య శిబిరం పెట్టి, మాత్రలు, బామ్ చేతిలో పెట్టి పంపుతున్నారు. మర్నాడు మళ్లీ అదే పొట్టి పొరక. నొప్పి పుడుతున్నది అక్కడే.

కర్ర పొట్టిదైతే వంగక తప్పదు. వంగితే ఒంటి పైభాగం బరువంతా నడుం కింది డిస్కుల మీద, వీపు కండరాల మీద పడుతుంది. ఆ వంపులోనే పక్కకు తిరిగి ఊడిస్తే మరింత చేటు. పొరకను నిలబెడితే కర్ర కొస గడ్డం దాకా రావాలి. పై చెయ్యి రొమ్ము ఎత్తులో, కింది చెయ్యి నడుం దగ్గర ఉంటే వీపు నిటారుగా నిలుస్తుంది. కొంతసేపటికోసారి చేతులు మార్చుకోవాలి. ఈనెలు అరిగిన పొరకతో ఒకే చోట రెండు మూడుసార్లు ఊడ్చాలి, భుజం అలా పోతుంది. కాబట్టి అరగగానే కొత్తది ఇవ్వాలి, అడిగించుకోకుండా.

బరువు సంగతి ఇంకా ఘోరం. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూత్రం ప్రకారం అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడే ఒక మనిషి 23 కిలోలు ఎత్తొచ్చు. బరువు ఒంటికి 25 సెంటీమీటర్ల దూరంలో కాక 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆ పరిమితి సగానికి, 11.5 కిలోలకు పడిపోతుంది. ఆ దూరంలోనే నడుం 45 డిగ్రీలు కూడా తిప్పితే సుమారు 10 కిలోలే. వంద లీటర్ల డ్రమ్ము నిండా తడి చెత్త ఉంటే 40 కిలోలు తూగుతుంది. దాన్ని ఇద్దరు ఆడవాళ్లు చెత్త తీసుకెళ్లే ఆటో టిప్పర్ అంచు దాకా, భుజాలకు పైకి ఎత్తుతున్నారు! డ్రమ్ము సగానికి మించి నింపకూడదు. టిప్పర్ పక్కన ఎక్కి నిలబడే గట్టి మెట్టు ఉండాలి. తోపుడు బండి చక్రాలకు గ్రీజు పెట్టకపోతే ఆ భారం మణికట్టు మీద పడుతుంది.

పని ఒత్తిడిని విడిగా చూడకూడదు. పని ఎక్కువై, దాని మీద తన మాట చెల్లనప్పుడే ఒత్తిడి ముదురుతుందని పని ఒత్తిడిపై పరిశోధించిన రాబర్ట్ కరాసెక్ 1979లోనే చెప్పారు. ఎంత రోడ్డు ఊడ్చాలో, ఎప్పుడు ఆగాలో మేస్త్రీ నిర్ణయిస్తాడు. సెలవు పెడితే కూలి పోతుందని నొప్పితోనే వస్తారు. రెండు రోజుల విశ్రాంతితో తగ్గాల్సింది నెలల తరబడి సాగుతుంది.

కర్ర పొడవు, డ్రమ్ము కొలత, టిప్పర్ అంచు ఎత్తు వచ్చే టెండరు షరతుల్లోనే రాయాలని నగర పాలక అధికారులను కోరుతున్నాం. కాంట్రాక్టు కార్మికుల జీతంలో ఈఎస్‌ఐ ఆరోగ్య బీమాకు 0.75 శాతం కోస్తున్నచోట కార్డు కూడా వాళ్ల చేతికి ఇవ్వాలి.

— కొందరు ఫిజియోథెరపిస్టులు, బెంగళూరు