పండు బ్యాండు మానేసిందా?

చి.ల.సౌ. బుజ్జమ్మకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. కాలవలకి నీళ్లొదిలారు, నారు పోస్తున్నారు. మీ నాన్న మోకాలు నొప్పంటూనే గట్టు మీదికి వెళ్లొస్తున్నారు. ఆవకాయ బస్సులో పంపిస్తున్నాను. అల్లుడుగారికి కారం పడదు కదా, ఆయనకి బెల్లం ఆవకాయ విడిగా పెట్టాను. నువ్వు ఈమధ్య ఫోనే చెయ్యడం లేదు. నేను చేస్తే "బాగానే ఉన్నామమ్మా" అని పెట్టేస్తున్నావు.

పండుని స్కూలు బ్యాండు మాన్పించి ఫౌండేషన్ క్లాసుల్లో వేశారని రాజోలు పిన్ని చెప్పింది. నిజమేనా? నీ పిల్ల, నీ ఇష్టం. చదువొద్దని నేననను.

మీ తమ్ముడు చిన్నోడి సంగతి నీకు గుర్తుందా? తాతయ్య పోయాక వాడు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. డ్రిల్లు మాస్టారు పట్టుబట్టి వాడి మెడలో పెద్ద డ్రమ్ము వేశారు. కర్ర చేతికొస్తే వాడిది పరుగే. పంద్రాగస్టుకి సాధన చేస్తుంటే సైడుడ్రమ్ముల వాళ్లు తడబడేవారు, ఫ్లూటు పిల్లలకి ఊపిరి అందేది కాదు, వెనకున్న ఆరో తరగతి ఆడపిల్లలు అడుగు కలవక పరిగెత్తేవారు. అందరికీ వీడి మీద కోపమే. మాస్టారు వాణ్ని తిట్టలేదు. వరసకి ఎదురుగా నిలబెట్టి, చివర్లో ఉన్న పొట్టి పిల్లని చూపించి, "దాని కాలు నేల మీద పడ్డప్పుడే నువ్వు కొట్టు" అన్నారు. పండగనాటికి బ్యాండంతా ఒక్క అడుగు మీద నడిచింది. అప్పట్నించీ వాడు అన్నం దగ్గర నాన్నమ్మ తినడం అయిందో లేదో చూసి గానీ లేచేవాడు కాదు. తనతో కొట్లాడిన కరణంగారి మనవణ్ని తనే ఇంటికి తీసుకొచ్చి దిబ్బరొట్టె పెట్టించాడు.

మార్కులు ఒక్కళ్లే కూర్చుని తెచ్చుకోవచ్చు. బ్యాండులో అలా కుదరదు. తన వంతొచ్చేదాకా ఆగాలి, పక్కవాళ్లది వింటూ తనది వాయించాలి, తప్పు పడితే ఏడుస్తూ కూర్చోకుండా తరవాతి దెబ్బకి కలవాలి. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి అంతెత్తు ప్రభని భుజాల మీద మోస్తూ కౌశిక కాలవ దాటించేటప్పుడు చూశావు కదా, ఒక్క భుజం తొందరపడినా ఒరుగుతుంది. మన శంకరగుప్తంలో 1930లో పుట్టిన బాలమురళిగారు అంతటి గాయకులై ఉండీ వయోలా, మృదంగం, కంజీరా కూడా వాయించారు, ఇంకొకరి పాటకి పక్క వాద్యం పట్టారు.

పండు బెరుకు పిల్ల, నీ పోలికే. అలాంటిది సంక్రాంతికొచ్చినప్పుడు బ్యాండు పిల్లల పేర్లన్నీ చెప్పింది, ఎవరు ఎక్కడ తాళం తప్పుతారో కూడా చెప్పింది. అన్నాళ్లలో అది అంతసేపు మాట్లాడింది అప్పుడే. ట్యూషను వేళ మార్చమని అడిగి చూడు. అల్లుడుగారితో నన్ను మాట్లాడమంటే మాట్లాడతాను.

ఆదివారం ఫోను చేసి దానికే ఇవ్వు. రాత్రిళ్లు తడి తలతో పడుకోనివ్వకు. కవాతు బూట్లు వేళ్ల దగ్గర నొక్కుతున్నాయని అప్పుడే చెప్పింది, ఒక సైజు పెద్దవి కొను.

మీ అమ్మ