చిల్లరను కాటాలో తూచొద్దు

సంపాదకుడు గారికి,

రాజమహేంద్రవరంలో ముప్పై ఏళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నాను. పోయిన వారం పాత సామాన్లు కొనే అబ్బాయి గల్లాపెట్టె వైపు చూస్తూ, "పదకొండు పలకల రెండు రూపాయల బిళ్లలున్నాయా బాబాయ్? కిలోకి ఐదొందలిస్తా" అన్నాడు. అవి ఒక్కోటి ఆరు గ్రాములు. కిలోకి 166 తూగుతాయి, అంటే 332 రూపాయలు. ఆశపడేవాళ్లు ఉండరా మరి!

అతని దగ్గర అయస్కాంతం ముక్క ఉంది. తర్వాత వచ్చిన స్టీలు నాణెం టక్కున అంటుకుంది, పాతది అంటుకోలేదు. అందులో 75 శాతం రాగి, మిగతాది నికెల్. రాగి ధర ఇంకా పెరుగుతుందని మా వీధిలో ఇద్దరు డబ్బాలకు డబ్బాలు దాచారట.

నాణేలను కరిగించడం, కరిగించడానికో ముఖ విలువకు మించి అమ్మడానికో అవసరానికి మించి పోగేయడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరం. ఏడేళ్ల దాకా జైలు. ఈ సంగతి చాలామందికి తెలియదు. మా నాన్న గుర్తుగా నాలుగు పావలాలు నేనూ దాచుకున్నాను, అది వేరు. అవి 2011 జూన్ 30 నుంచి ఎలాగూ చెల్లవు. కానీ చెల్లే నాణెం డబ్బాలో మగ్గితే, ఇక్కడ రూపాయి చిల్లర లేక పిల్లల చేతిలో చాక్లెట్ పెట్టాల్సి వస్తోంది. నాకది నచ్చదు.

బ్యాంకులు నాణేల మేళాలు పెట్టినప్పుడు ముందే దండోరా వేయించాలి. దాచినవాళ్లు తెచ్చి మార్చుకుంటారు, మాకూ చిల్లర దొరుకుతుంది.

ఇట్లు,
ఒక కిరాణా వ్యాపారి, రాజమహేంద్రవరం